ముఖానికి చెప్పిన జవాబు

పిల్లని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లి ఇరవై నిమిషాలయింది. గంట పట్టొచ్చని డాక్టరు చెప్పాడు. అరవైలోంచి ఇరవై పోతే నలభై, సున్నా కింద సున్నా, ఆరు కింద రెండు, రెండో తరగతి పిల్లలకు నేను రోజూ నేర్పే తీసివేతే ఇది, వేళ్ళు మడవకుండా చెయ్యమంటాను వాళ్ళని, ఇప్పుడు నా వేళ్ళే కోటు జేబులో ఒక్కొక్కటీ మడుచుకుంటున్నాయి. తలుపు మీద ఎర్రదీపం. దానివైపు చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఎదురు బెంచీ మీద పిల్ల తల్లి మికాయేలా కూర్చుని ఉంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించుకుని, ఎవరో ఫోటో తీస్తానంటే కదలకుండా కూర్చున్నట్టు. మగవాళ్ళ కోటు వేసుకుంది, మొగుడిదే అయ్యుంటుంది, పొడుగు చేతులు రెండు మడతలు పెట్టుకుంది. బూట్ల మీది మంచు కరిగి ఆమె కాళ్ళ దగ్గర చిన్న మడుగు కట్టింది. నెబ్రాస్కాలో ఫిబ్రవరి ఎక్కడికెళ్ళినా మనతోపాటు లోపలికి వస్తుంది. "మీరు పిల్లకి ఏమవుతారు?" అని నర్సు అడిగింది ఇందాక. "టీచర్ని. మార్లిస్ కుచెరా." "అంటే బంధువులు కారు." "కాను." రాసుకుని వెళ్ళిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే బడిలో, ఒకే గదిలో, కిటికీ తెరిస్తే మాంసం ఫ్యాక్టరీ వాసన వచ్చే గదిలో పాఠం చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాను.

సోమవారం. అన్నీ సోమవారం దగ్గరికే వెళుతున్నాయి. లెక్కల వేళ ఆ పిల్ల, యులేలియా, బల్ల మీద తల వాల్చింది. నేను వెళ్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడలో వేలాడే స్పానిష్ వాక్యాల అట్ట చూసుకోనక్కర లేకుండానే నోటికి వచ్చింది ప్రశ్న, స్పానిష్‌లో, "అలిసిపోయావా?" అని. "సీ" అంది. అవునని. నాకెంత సంతోషమైందంటే! ఈ వయసులో, యాభై ఎనిమిదేళ్ళకి, నా నోటినుంచి ఒక పరాయి మాట వెళ్లి ఒక పిల్లని తాకి జవాబై తిరిగి వచ్చింది. ఆ జవాబుని గుప్పెట్లో పట్టుకుని లేచాను. ఇంకోటి అడగలేదు. అట్ట మీద దాని కిందనే ఉంది రెండో ప్రశ్న, "నొప్పిగా ఉందా?", దాని కింద మూడోది, "ఎక్కడ?". అడగలేదు. పడుకోనివ్వండమ్మా, అలిసిపోయిందట, అని పిల్లలకు చెప్పాను, "అట" అన్నాను, స్వయంగా విన్నదాన్ని కదా అన్న గర్వంతో. అప్పటికే ఆ చిన్న పొట్టలో అపెండిక్స్ వాచి ఉంటుందని డాక్టరు ఇవాళ అన్నాడు. మూడు రోజులుగా అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, గురు, బుధ, మంగళ, సోమ.

ఆ అట్టలు రొసావురా చేయించినవి. ఇదిగో నా పక్కనే కూర్చుని ఉంది, వంటింటి ఏప్రన్ కూడా విప్పలేదు, నెత్తిన వల టోపీ అలాగే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా మా బడి భోజనశాలలో వడ్డిస్తోంది. మెక్సికోలో ఎక్కడో రాళ్ళ ఊరట వాళ్ళది, సాకాతేకాస్ వైపు. సెప్టెంబరులో మా పెద్దసారు మీటింగులో చెప్పాడు, సగానికి పైగా పిల్లల ఇళ్ళలో స్పానిషే, మనం నలభై వాక్యాలైనా నేర్చుకోకపోతే ఎలా అని. నేర్పడానికి బయటినుంచి ఎవరో రావాలన్నారు, రాలేదు, చివరికి రొసావురా గరిటె కడిగి పక్కన పెట్టి వచ్చింది. ప్రతి మంగళవారం మూడున్నరకి, లైబ్రరీలో, పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు పన్నెండుమందిమి. "టీచర్లూ, నోళ్ళు తెరవండి. రోజూ మీ పిల్లల నోట్లో తిండి పెట్టేది నేనే, ఇవాళ మీ నోట్లో మాట పెడతాను" అంది మొదటిరోజే. వ్యాయామం మాస్టారు బర్ట్ లిండ్‌క్విస్ట్‌కి 'ర' తిరిగేది కాదు. "ఒంటినిండా కండలే నాయనా నీకు, నాలుక్కి మాత్రం ఒక్కటి లేదేం?" అనేది. ఎంత నవ్వుకునేవాళ్ళం. కూర్చో, నిలబడు, చెయ్యెత్తు, బాత్రూం ఎక్కడుందో తెలుసా, నాకు చెప్పు, నేను విన్నాను. నేను విన్నాను అనే వాక్యాన్ని నేను బాగా పలుకుతానని మెచ్చుకుంది రొసావురా. ఇంటికెళ్లి పాత్రలు కడుగుతూ, కారు అద్దం మీద మంచు గీకుతూ అవే వల్లించేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ నేనేదో నేర్చుకుంటున్నాను, ఎవరికోసమో నేర్చుకుంటున్నాను. ఆ ఎవరో ఎవరని అడిగితే అక్టోబరులో గ్వాటెమాలా నుంచి వచ్చి నా తరగతిలో చేరిన యులేలియానే చూపించేదాన్ని. మిగతావాళ్ళకి ఎంతోకొంత ఇంగ్లీషు వచ్చు. ఈ పిల్లకి ఒక్క ముక్క రాదు. పిల్ల బడి ఫారం మీద ఇంటిభాష అన్నచోట స్పానిష్ అని రాసి ఉంది. ఎవరు రాశారు? ఎవరిని అడిగి రాశారు? కింద సంతకం నాదే.

తెలియాల్సింది. నవంబరులోనే తెలియాల్సింది. అలిసిపోయావా అనడానికి కాన్సాదా అనాలి, మధ్యలో 'న' మింగేస్తే కాసాదా అవుతుంది, అంటే పెళ్ళయిందా అని. నేను మింగేశాను. ఆటస్థలం నుంచి రొప్పుతూ వచ్చిన పిల్లల్ని వరసగా అడుగుతూ పోయాను, పెళ్ళయిందా, నీకు పెళ్ళయిందా అని. గది గదంతా పడీ పడీ నవ్వింది. "మిస్! నాకు ఏడేళ్ళు!" అని ఇస్మాయేల్ కుర్చీలోంచి జారి కిందపడ్డాడు. యులేలియా మాత్రం లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "సీ" అంది. "ఎవరితో అయింది?" అన్నాడు వాడు స్పానిష్‌లో. దానికీ "సీ" అంది. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూడా మా ముఖాలు చూసి ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది. ఆ ఆలస్యం నాకు ఇప్పుడు కనిపిస్తోంది, ఈ తెల్ల గోడ మీద, స్పష్టంగా. ఆ నెల రిపోర్టులో రాశాను, మంచి హాస్యస్ఫూర్తి గల పిల్ల అని. తల్లి దాన్ని ఎక్కడో దాచుకునే ఉంటుంది.

మంగళవారం ఆటల వేళ గోడకి ఆనుకుని కూర్చుంది, మోకాళ్ళు పొట్టకి నొక్కుకుని. అప్పుడు అడిగాను, అడగలేదని అనను, అడిగాను, "నొప్పిగా ఉందా?" అని. భయపడుతూ అడిగాను. కనుబొమలు ముడిపడి ఉంటాయి, పిల్లలు ఏదైనా తప్పు చేసినప్పుడు ముడిపడ్డట్టే. నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. "నో" అంది. సోమవారం నేను నవ్వుతూ అడిగాను, అవునంది. మంగళవారం ముఖం ముడుచుకుని అడిగాను, కాదంది. నాలుగు నెలలుగా ఆ పిల్ల నా మాటలకి జవాబు చెప్పలేదు, నా ముఖానికి చెప్పింది. నాకు ఏది ఇష్టమో వెతుక్కుని అది ఇచ్చింది. ఇంత శ్రద్ధగా నన్ను చదివిన విద్యార్థి ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంకొకరు లేరు. ఆ సాయంత్రం క్లాసులో రొసావురా ఒంటి భాగాల పేర్లు నేర్పింది, తల, చెవి, పొట్ట, పాదం, అందరం లేచి నిలబడి చేతులు వేసుకుంటూ పాడాం. బుధవారం మంచు తుఫానుకి బడి మూసేశారు. పొయ్యి దగ్గర కూర్చుని సూప్ తాగుతూ పొట్ట, పొట్ట, పొట్ట అని వల్లించాను. ఊరికి ఆ చివర, మూడు కుటుంబాలు ఉండే ఆ ఇంట్లో, అప్పుడు పిల్ల అపెండిక్స్ పగిలింది. పగిలాక కాసేపు నొప్పి తగ్గుతుందట. తగ్గిందనే తల్లి ఇవాళ బడికి పంపింది.

పదకొండింటికి భోజనం వరసలో పడిపోయింది. రొసావురా ముందే, పళ్ళెంతో సహా. అంబులెన్సు వెనకే నా కారులో మేమిద్దరం వచ్చాం. తల్లిని బడి వ్యాను ఇంటినుంచి తీసుకొచ్చింది. ఆపరేషనుకి ముందు అడగాల్సినవన్నీ అడగడానికి నర్సు ఫోను బల్ల మీద పెట్టింది. అందులోంచి దూరాన ఎవరో స్పానిష్ అమ్మాయి గొంతు మర్యాదగా అడుగుతోంది, అమ్మా, పిల్ల పొద్దుట ఏమైనా తిందా? సీ. అమ్మా, ఏ మందైనా పడదా? సీ. ఏ మందు పడదు? సీ. ఆ మందు పేరు చెప్పగలరా? సీ. నర్సు కలం ఆగింది. రొసావురా చటుక్కున లేచింది. "ఆగండి" అంది. ఇంగ్లీషులో కాదు, స్పానిష్‌లో కాదు, అరిచింది అంతే, చెయ్యి అడ్డం పెట్టి. తర్వాత మికాయేలా ఎదుట తను వంగి, మెల్లగా, స్పానిష్‌లో, "తల్లీ, నేను చెప్పేది నీకు అర్థమవుతోందా?" అంది. సీ. "నా పేరు ఆకాశమా?" సీ. అప్పుడు ఆ తల్లికీ తెలిసిపోయింది తను పట్టుబడ్డానని. కళ్ళు దించుకుని ఏదో అంది, చిన్నగా, వరసగా, గొంతులో తట్టుకుని తెగిపోతున్న మాటలతో. అది ఏ భాషో మాకెవరికీ తెలియలేదు. ఫోనులో అమ్మాయి, "ఇది స్పానిష్ కాదండీ" అంది. మాంసం ఫ్యాక్టరీకి ఫోను చేసి, కత్తుల లైను మీదినుంచి పిల్ల తండ్రిని పిలిపించి, అతనికి వచ్చిన స్పానిష్‌తో అడిగారు. ఏమీ తినలేదు. ఏ మందుతోనూ ఇబ్బంది లేదు. ఈమాత్రానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ పిల్ల చక్రాల మంచం మీద కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంది. ఏడవలేదు.

మా నానమ్మ కూడా ఏడవలేదు. ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, ఈ ఫినాయిలు వాసనకేనా. నాకు పదహారేళ్ళు, చివరి వారం ఆమె మంచం పక్కన నన్ను కూర్చోబెట్టి అమ్మానాన్నా పొలం పనికి వెళ్ళేవాళ్ళు. అరవై ఏళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు ఆ వారంలో ఆమెని వదిలేసి వెళ్ళిపోయింది, చిన్నప్పటి చెక్ భాష ఒక్కటే మిగిలింది. మాకెవరికీ అది నేర్పలేదు, బడిలో మీకు దెబ్బలు పడతాయని. నాకు వచ్చింది ఒకే మాట, ఆనో, అంటే అవును. ఆమె ఏదో అడిగేది, ఆనో నానమ్మా అనేదాన్ని. ఇంకా గట్టిగా అడిగేది, చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ. ఆనో. ఆనో. ఆమె ఊరుకునేది. ఎంత మంచి మనవరాలని చుట్టుపక్కలవాళ్ళు అన్నారు. ఏమడిగిందో. నీళ్ళడిగిందేమో. నేను చచ్చిపోతున్నానా అని అడిగిందేమో. ప్రేమతోనే అవునన్నాను, భయంతో కూడా, ఆ రెండూ కలిసే ఉంటాయి ఆ మాటలో, నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అలాంటిదాన్ని, ఆ అవును అవతలివైపునుంచి వినబడగానే గుర్తుపట్టలేకపోయాను.

"బీట్‌రూట్" అంది రొసావురా హఠాత్తుగా.

తిరిగి చూశాను.

"బీట్‌రూట్ పెట్టనా అంటే సీ అనేది. వద్దా అన్నా సీ అనేది. బీట్‌రూట్ కావాలనే పిల్ల ఈ లోకంలో ఎక్కడైనా ఉందా మార్లిస్? నాకు తెలియాలి. నీకు కాదు, నాకు. నా భాష గదా అది."

"నువ్వొక్కదానివే..."

"నన్ను చెప్పనీ. మా దేశంలో కొండల మీంచి దిగి వస్తారు ఇలాంటివాళ్ళు. వీళ్ళలాగే మాట్లాడకుండా నిలబడతారు. మా అమ్మ అనేది, వాళ్ళకి బుర్ర తక్కువ, రెండుసార్లు చెప్పాలీ అని. నేనూ ఈ పిల్లని చూసి అదే అనుకున్నా, కాస్త మందం పాపం అని. పాపం అని ఇంకో చెంచా బీట్‌రూట్ వేశా." ఏప్రన్ కొసతో ముక్కు తుడుచుకుంది. "తినేది మార్లిస్. అంతా తినేసేది."

ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాను. వేడి నీళ్ళలో నాని నాని గట్టిపడ్డ చెయ్యి. ఎదురుగా మికాయేలా మా ఇద్దరి చేతులవైపు చూసి చూపు తిప్పుకుంది. ఆమె పక్కన ఖాళీ ఉంది. లేచి వెళ్లి అక్కడ కూర్చోవాలనిపించింది, కూర్చుని ఏం చెయ్యాలి, ఏ ముఖం పెట్టుకోవాలి. నా ముఖం ఇంతకాలం ఇంత బరువైనదని నాకు తెలియదు. నవ్వితే కొందరు అవునంటారు, ముడిస్తే కాదంటారు. ఎంతమంది అలా అని ఉంటారు ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా, అర్థమైందా అని నేను అడిగినప్పుడల్లా ముక్తకంఠంతో, అయింది మిస్.

ఎర్రదీపం ఎప్పుడు ఆరిందో చూడనేలేదు. తలుపు తీసుకుని డాక్టరు వచ్చాడు, టోపీ తీస్తూ. ముగ్గురం లేచి నిలబడ్డాం. పగిలిపోయింది, లోపలంతా శుభ్రం చేశాం, పది రోజులైనా ఇక్కడే ఉండాలి, బతుకుతుంది. "ఇంకొక్క పూట ఆగి ఉంటే..." అని నా ముఖం చూసి ఆపేశాడు. మికాయేలాకి ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? డాక్టరు బొటనవేలు పైకెత్తి చూపించాడు, సిగ్గుపడుతూనే. ఆమె ఆ వేలుని చూసింది, అతని ముఖాన్ని చూసింది, నమ్మలేదు. ముఖాల్ని నమ్మడం మానేసినట్టుంది. అప్పుడే మెట్లమీద గబగబా అడుగులు, తెల్ల ఫ్యాక్టరీ బూట్లతోనే తండ్రి వచ్చాడు, ఆంద్రేస్, పొట్టి మనిషి, చేతులు మోచేతులదాకా ఎర్రగా తోముకుని. రొసావురా అతనికి చెప్పింది, అతను భార్యకి చెప్పాడు. ఆమె నిలబడ్డచోటే రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు చాలాసేపు ఊగాయి.

తర్వాత కూర్చున్నాం, నలుగురం, ఒకే బెంచీ మీద ఇరుక్కుని. కాంహోబాల్ అంటారు మా మాటని, అన్నాడు ఆంద్రేస్. స్పానిష్ తను చెరకు తోటల్లో పనికి వెళ్ళినప్పుడు నేర్చుకున్నాడు, ఇంట్లో ఎవరికీ రాదు. నేను రొసావురాతో అన్నాను, అడుగు, నన్ను తిట్టమను, ఏదో ఒకటి అనమను. రొసావురా ఏమని అడిగిందో తెలియదు. అతను టోపీ చేతుల్లో తిప్పుతూ చాలాసేపు ఏదో చెప్పాడు. వింటూ వింటూ రొసావురా కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమిటి?"

"ఇంట్లో రోజూ సాయంత్రం బడి పెడుతుందట పిల్ల. తల్లినీ, తమ్ముణ్ణీ నేలమీద కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పుతుందట. మా టీచరు ఇలా అంటుంది, అనండి అని." నా మెడలోని అట్టవైపు చూసింది. "అది ఇంగ్లీషు కాదు మార్లిస్. నీ స్పానిష్. నువ్వు మాట్లాడేదే ఇంగ్లీషనుకుంది. ఇతనికి తెలుసట. చెప్పడానికి మనసు రాలేదట, అంత సంబరంగా నేర్పుతుంటే."

మికాయేలా తన గురించే మాట్లాడుతున్నారని గ్రహించింది. నా వైపు తిరిగి, నిటారుగా కూర్చుని, "మూయ్ బియెన్" అంది, బాగుంది అని. "ఓత్రా వేస్" అంది, మరొక్కసారి అని. రెండు మాటలూ నావే. నా నెబ్రాస్కా నాలుక మీద చదునైపోయిన అచ్చులు, నేను సాగదీసే చోటే సాగదీసి, నేను తేలగొట్టే చోటే తేలగొట్టి. నా గొంతు ఆ నోట్లోంచి విన్నాను. రొసావురా నవ్వలేక, ఏడవలేక కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఆమెకి చెప్పు" అన్నాను. "అది ఇంగ్లీషు కాదని చెప్పు. మంచి స్పానిష్ కూడా కాదని చెప్పు. నిజం చెప్పు."

నా మాట రొసావురా నోట్లోకి, ఆమెది ఆంద్రేస్ నోట్లోకి, అతనిది భార్య చెవిలోకి వెళ్ళింది. ఎంత మిగిలిందో తెలియదు. ఆమె అంతా వింది. చెప్పింది. మళ్ళీ ఆ మూడు మెట్లూ ఎక్కి నా దాకా వచ్చింది జవాబు. "ఎవరి మాటయితేనేం అంటోంది. పిల్ల నీ దగ్గర్నించి తెచ్చుకుంది, అందుకని దాచుకున్నాం అంటోంది. కానీ టీచరు మా మాట ఒక్కటీ అడగలేదేం అంటోంది."

మెడలో అట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నలభై వాక్యాలు, ప్లాస్టిక్ తొడుగు కింద మెరుస్తూ. ఆంద్రేస్‌తో నేనే మాట్లాడాను, నా వంకర స్పానిష్‌లో, నేరుగా. నొప్పి అని మీ మాటలో ఎలా అంటారు? అతను చెప్పబోయాడు. మికాయేలా అతని మోచేయి పట్టి ఆపింది. నా వైపు జరిగింది. తన పొట్ట మీద అరచేయి పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ, చెప్పింది. చాలా చిన్న మాట. యా అని మొదలవుతుంది, అంతలోనే గొంతు లోపల తలుపు మూసుకున్నట్టు తెగిపోతుంది. ఆ తెగడంలోనే ఉన్నట్టుంది నొప్పి.

అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పింది. అన్నాను, ఈసారి ఆశగా నవ్వుతూ. నా నవ్వుని ఆమె పట్టించుకోలేదు. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. తన గొంతు మీద నా వేళ్ళు పెట్టుకుని చెప్పింది. వేళ్ళ కింద ఏదో మూసుకుని తెరుచుకుంది, పిట్ట గుండెలాగా. నేను అన్నాను. కాదు. నర్సు వచ్చి, పిల్ల కళ్ళు తెరుస్తోంది, తల్లిదండ్రులు రావచ్చు అని చెప్పింది. ఆంద్రేస్ లేచాడు. మికాయేలా లేచి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నా కోటు చెయ్యి పట్టుకుని నన్నూ లేపింది. నడుస్తూనే అన్నాను, తలుపుదాకా. తప్పే.

"ఓత్రా వేస్" అంది ఆమె, తలుపు తోస్తూ.